కండెన్సింగ్ బాయిలర్ పెట్టించినా గ్యాస్ బిల్లు తగ్గట్లేదు, ఎవరైనా చెప్పండి

భీమవరం లాడ్జి: పొద్దున్నుంచీ దీని దగ్గరే కూర్చున్నానండి, టిఫిన్ కూడా చెయ్యలేదు. పాత బాయిలర్ తీసేసి పైపు గ్యాస్‌తో నడిచే కండెన్సింగ్‌ది పెట్టించా, కాగితం మీద 107 శాతం ఎఫిషియెన్సీ అని ఉంది, మూడు నెలలైనా బిల్లు ఎక్కడి గొంగళి అక్కడే. పెట్టినోడు ఫోనెత్తట్లేదు. సంక్రాంతికి రూములన్నీ నిండిపోతాయి, ఈలోపే తేలాలి.

తణుకు మిల్లు: రిటర్న్ నీళ్లు ఎన్ని డిగ్రీలు?

పాలకొల్లు మాస్టారు: ముందు ఆ 107 సంగతి తేల్చండి. పెట్టినదానికన్నా ఎక్కువ వేడి ఏ బాయిలరూ ఇవ్వదు. పొగతో పోయే నీటావిరి వేడిని నెట్ లెక్కలో అసలు కలపరు, దాన్ని వెనక్కి పట్టుకుంటే 100 దాటినట్టు కనబడుతుంది. ఆ వేడినీ కలిపే గ్రాస్ లెక్కలో అదే 96.

అమలాపురం టు లండన్: ఇక్కడ 2005 నుంచీ కొత్తగా పెట్టేవి దాదాపు అన్నీ ఇవేనండి. పైపు గ్యాస్‌లో ఎక్కువగా ఉండేది మీథేన్, అది కిలో కాలిస్తే రెండుంపావు కిలోల నీళ్లు ఆవిరిగా పుడతాయి. ఇడ్లీపాత్ర మూత తీసినప్పుడు ఆవిరి చేతికి తగిలి నీళ్లయిపోతూ చురుక్కుమనిపిస్తుంది చూడండి, ఆ వేడినే ఇది పట్టుకుంటుంది. కాకపోతే పొగ సుమారు 55 డిగ్రీల కిందకి చల్లారితేనే ద్రవీభవనం జరుగుతుంది.

పాలకొల్లు మాస్టారు: ద్రవీభవనం అంటే మంచు కరగడం బాబూ. ఇది సాంద్రీకరణం. పిల్లలు కూడా చదువుతారు, మాట సరిగ్గా వాడాలి.

ఆక్వా రైతు: ఏ మాటైనా గానీ ఆ నీళ్లు మాత్రం పంటబోదెలోకి వదలకండి, పీహెచ్ 3 నుంచి 5 మధ్య ఉంటుంది, అంటే ఆమ్లం. మా రొయ్యల చెరువుకి 7.5 నుంచి 8.5 ఉండాలి, ఎంత సున్నం చల్లి నిలబెట్టుకుంటామో మాకు తెలుసు.

భీమవరం లాడ్జి: నీళ్లేంటండి? ఆ డ్రెయిన్ పైపులోంచి ఇంతవరకూ చుక్క రాలేదు, లీకేజీ లేదు మంచిదే అనుకున్నా.

తణుకు మిల్లు: అది ముందు చెప్పాలి కదా. చుక్క రాలేదంటే పొగ చల్లారట్లేదు. బాయిలర్‌లోకి తిరిగొచ్చే నీళ్ల వేడి చూడు.

భీమవరం లాడ్జి: 68 చూపిస్తోందండి. రూముల లైన్లో వేడినీళ్లు తిప్పే పంపు రాత్రీపగలూ నడుస్తుంది.

అమలాపురం టు లండన్: అదేనండి. ఆ పంపు ట్యాంకు మొత్తం కలిపేస్తోంది, అడుగున చల్లనీళ్లు నిలవట్లేదు, 68 డిగ్రీల నీళ్లతో పొగ ఎలా చల్లారుతుంది? పంపుకి టైమర్ పెట్టించండి. ట్యాంకు పైన మాత్రం 60 తగ్గనివ్వకండి, లెజియోనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది, ఊపిరితిత్తులకి ప్రమాదం.

భీమవరం లాడ్జి: పంపు ఆపి రెండు గంటలైందండి. పొద్దుటి స్నానాలు నడుస్తున్నాయి, పైపు కింద పెట్టిన మగ్గులో అడుగున నీళ్లు చేరాయి. ఆయ్, థాంక్సండి, కౌంటర్లో మనుషులున్నారు.

ఆక్వా రైతు: ఆ మగ్గులో నీళ్ల పీహెచ్ ఎంతుందో చూసి చెప్పండి.