అప్‌డేట్: శవవాహనానికీ రిహార్సల్‌కీ చుట్టరికం ఉందట!

పోయిన వారం అడిగాను కదా, శవపేటికను తీసుకెళ్లే బండిని ఇంగ్లీషులో హర్స్ అంటారు, స్పెల్లింగులో మాత్రం 'హియర్' కనిపిస్తోంది, వినడానికీ దీనికీ ఏమైనా సంబంధమా అని. ఏమీ లేదు, నా ఊహ మొత్తం తప్పు.

అసలు సంగతి పొలంలో ఉంది. దున్నాక మట్టిగడ్డలు చిదగ్గొట్టడానికి పళ్లున్న దంతె తోలతారు చూడండి, అలాంటి దాన్ని లాటిన్‌లో హిర్పెక్స్ అనేవాళ్లు, పాత ఫ్రెంచిలో అది హెర్స్ అయింది. (ఇటలీలోని పాత ఆస్కన్ భాషలో హిర్పుస్ అంటే తోడేలు, ఆ పళ్లను చూసే ఈ పేరు పెట్టి ఉంటారని ఒక వాదన. నాకైతే ఇది తెగ నచ్చింది.)

మరి దంతె చావింటికి ఎలా వచ్చింది? మధ్యయుగాల్లో చర్చిలో శవపేటిక మీద కొవ్వొత్తులు గుచ్చడానికి మేకులున్న చట్రం ఒకటి పెట్టేవాళ్లు, అది అచ్చం తిరగేసిన దంతెలా ఉండేదని అదే పేరు. తర్వాత పాడెకీ, 17వ శతాబ్దం వచ్చేసరికి బండికీ ఆ పేరు పాకింది.

రిహార్సల్‌దీ అదే వేరు: తోలిన చోటే మళ్లీ దంతె తోలడం, అంటే చెప్పిందే మళ్లీ చెప్పడం.

స్కూల్ డే డ్రామా టెన్షన్‌లో ఉన్న మా పాపకి రాత్రి ఇదంతా చెప్పబోతే, "నాన్నా, అన్నం తినేటప్పుడు శవాల గోల వద్దు" అంది.