ఉప్పునీళ్ల ఊళ్లో ముఖానికి టోనర్ వాడేవాళ్లున్నారా?

మాది రాజోలు దగ్గరండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, సబ్బు నురగే సరిగ్గా రాదు. ముఖం కడగ్గానే చర్మం బిగుసుకుపోతుంది, కాసేపటికే ముక్కు, నుదురు జిడ్డు. ఇక ఈ ఉక్క సంగతి చెప్పేదేముంది! ఫేస్‌వాష్ తర్వాత, మాయిశ్చరైజర్‌కి ముందు టోనర్ (నీళ్లలా పల్చగా ఉండే ద్రవం) రాయమంటోంది మా వదిన. ఆల్కహాల్ ఉన్నవి ఇంకా ఎండగడతాయి కాబట్టి వాటి జోలికి పోను. నయాసినమైడ్ (విటమిన్ బి3లో ఒక రకం) 5 శాతం ఉన్నదా, గ్లైకోలిక్ యాసిడ్ (చర్మం మీది మృతకణాల్ని తొలగించే ఆమ్లం) 7 శాతం ఉన్నదా అన్నదే తేలట్లేదు. గ్లైకోలిక్ రాస్తే చర్మం ఎండకి తొందరగా కమిలిపోతుంది కదా, నేనేమో రోజూ స్కూటీ మీద అమలాపురం వెళ్లొస్తాను. రాత్రి మాత్రమే రాసి, పొద్దున సన్‌స్క్రీన్ వేస్తే సరిపోతుందా? అమ్మమ్మయితే పన్నీరు చాలంటుంది! కోనసీమ వైపు వాడినవాళ్లుంటే చెప్పండి. దూదితో తుడవాలా, చేత్తో అద్దుకోవాలా అన్నది కూడా.