నిలబడి వాయించడానికి తేలిక స్టాండ్: ఒంటి పట్టీయా, జంట పట్టీయా?

నిలువుదరువు: నా దగ్గర బాంగోలు (చేత్తో వాయించే చిన్న జంట డ్రమ్ములు), 12 అంగుళాల చెక్క జెంబే (గిన్నె ఆకారపు ఆఫ్రికా డ్రమ్ము) ఉన్నాయి. పాడుతూ నిలబడి వాయించాలి. చూసిన స్టాండ్లన్నీ బాంగోల కంటే బరువున్నాయి. తేలికైనవి తీసుకుంటే ఆగుతాయా?

పాతచేయి: ఆగవు. జంట పట్టీ కాళ్లవే, అంటే ఒక్కో కాలికి రెండేసి లోహపు పట్టీలున్నవే తీసుకోండి. ‘చాలా స్ట్రాంగ్ సార్’ అని నాకు అంటగట్టిన ఒంటి పట్టీ స్టాండ్ ప్రోగ్రాం మధ్యలో ఒరిగింది. జెంబే దొర్లుకుంటూ పోయి అంచు చిట్లింది. అదీ పాటలో భాగమేననుకుని జనం చప్పట్లు!

మోతబరువు: పాతచేయి గారూ, పట్టీలు రెట్టింపైతే కాలు మెలి తిరగదు, అంతే. పడిపోకుండా ఆపేది కాళ్లు ఎంత దూరం పరుచుకున్నాయన్నది. మూడు కాళ్ల స్టాండ్ ఎప్పుడూ రెండు కాళ్ల మధ్య ఖాళీ వైపే ఒరుగుతుంది. మన దెబ్బలు ఎక్కువగా మన వైపు అంచు మీదే పడతాయి కాబట్టి, ఒక కాలు మన వైపు తిప్పి పెట్టుకోవాలి. చాలామంది అది కాలికి తగులుతోందని అవతలికి తిప్పేస్తారు, తర్వాత స్టాండ్‌ని తిడతారు. ఇక బాంగోలకు జంట పట్టీ దండగ. రెండు డ్రమ్ముల్నీ కలిపే చెక్కదిమ్మెను క్లాంప్ గట్టిగా పట్టుకుంటే చాలు. అక్కడ వదులుంటే ఎంత బరువు స్టాండైనా గిలకొడుతుంది.

పాతచేయి: నేను జెంబే సంగతి చెబుతుంటే బాంగోలంటారేమిటి? జంట పట్టీ స్టాండ్ పడగా మీరు చూశారా?

ఒకమాట: స్నేర్ డ్రమ్ము (డ్రమ్‌సెట్‌లోని చదునైన డ్రమ్ము) పెట్టే స్టాండ్ మీద జెంబే పెట్టేస్తే పోలా?

మోతబరువు: పోదు. ఆ స్టాండ్‌లో డ్రమ్మును పట్టుకునే బుట్ట మధ్యలో కడ్డీ ఉంటుంది, జెంబే అడుగు వెళ్లి దాని మీద కూర్చుంటుంది. కింద నోటికి అడ్డం పడుతుంది. జెంబే బాస్ (లోతైన మోత) బయటికొచ్చేదే ఆ నోట్లోంచి. నేల మీద నిటారుగా ఆనించినా గొంతు నొక్కినట్టే.

పాతచేయి: నా ప్రశ్నకు జవాబు రాలేదు. కిలో, రెండు కిలోల తేడాకు ఏడ్చేవాళ్లు వాయిద్యం ఎందుకు పట్టుకున్నట్టు?

మోతబరువు: అడిగారు కాబట్టి అడుగుతున్నా. మీ స్టాండ్ మీరే మోస్తారా?

పాతచేయి: ట్రూపులో కుర్రాళ్లు తెస్తారు. అయితే?

మోతబరువు: ఆ కుర్రాణ్ణి నేనే సార్. ఏళ్ల తరబడి ఒక సీనియర్ గారి కాంగా (పొడవాటి చేతి డ్రమ్ము) స్టాండ్లు మెట్లెక్కించాను. ‘బరువుంటేనే నమ్మకం’ అని ఆయనా అనేవారు, ఖాళీ చేతులతో నా ముందు నడుస్తూ. నా కుడి భుజం ఇప్పటికీ సరిగ్గా లేవదు.

పాతచేయి: మీ భుజానికి నేనేం చేయను? స్టేజి మీద స్టాండ్ పడితే పరువు పోయేది మోసినవాడిది కాదు, వాయించేవాడిది.

ఒకమాట: అమ్మో 🙏

నిలువుదరువు: పెద్దలిద్దరూ కాస్త ఆగండి. ఇక్కడ మోసేదీ నేనే, వాయించేదీ నేనే. అదీ బస్సులో.

మోతబరువు: అలాగైతే రెండు స్టాండ్లు వద్దు. బాంగోలకు తేలికపాటి స్టాండ్, జెంబేకి భుజాల మీదుగా స్ట్రాప్. ఖాళీ సంచిలో కేబుళ్లూ నీళ్ల సీసా వేసి స్టాండ్ కాళ్లు కలిసేచోట వేలాడదీయండి. బరువు కిందికి దిగి స్టాండ్ నిలకడగా ఉంటుంది. ఎలాగూ మోసే బరువే కదా. వింగ్ నట్లు (చేత్తో బిగించే రెక్కల నట్లు) మాత్రం పాటకీ పాటకీ మధ్య ఓసారి తడిమి చూసుకోండి, అదురుకు వదులవుతాయి.

నిలువుదరువు: స్ట్రాప్‌తో పాట మధ్యలో బాంగోలకు మారడం కుదురుతుందా? జెంబే అడ్డమొస్తుందేమో.

మోతబరువు: అడ్డమొస్తుంది. ఒక్కో పాటకు ఒకటే పెట్టుకోండి.

పాతచేయి: చూశారా, చివరికి వాయింపే తగ్గించమంటున్నారు. బాబూ, ఏదైనా కొను. కొనేముందు మాత్రం షాపులోనే కాళ్లు పూర్తిగా పరిచి, నీ జెంబే పెట్టి, నీ చేత్తో బాస్ కొట్టి చూడు. సేల్స్‌మన్ చేత కొట్టించకు, వాళ్లు మెల్లగా కొడతారు.