పాత వాగన్ ఆర్: ఘాట్‌లోనూ ట్రాఫిక్‌లోనూ ఇంజను వేడెక్కుతోంది. రేడియేటర్ మార్చాలా?

ప్రశ్న: కడప కారు

మా ఇంట్లో 2007 నాటి పెట్రోలు వాగన్ ఆర్ ఉంది, 1061 సీసీ ఇంజను. నాన్నగారు కొన్న కారు, ఇప్పుడు ఎక్కువగా నేనే నడుపుతున్నాను. 2022లో రిజిస్ట్రేషన్‌ను మరో ఐదేళ్లకు పొడిగించుకున్నాం కాబట్టి 2027 దాకా కాగితాల చింత లేదు. గేర్లు, బ్రేకులు, మైలేజీ వయసుకు తగినంత బాగానే ఉన్నాయి. బాధంతా వేడితోనే.

మైదుకూరు, ఆళ్లగడ్డ మీదుగా నంద్యాల వెళ్లేటప్పుడు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో ఏసీ వేసుకుని పోతున్నా టెంపరేచర్ ముల్లు సగానికి కొంచెం కిందే నిలకడగా ఉంటుంది. అదే కారు కడపలో ఏడు రోడ్ల కూడలి దగ్గర కాసేపు ట్రాఫిక్‌లో నిలబడితే ముల్లు మెల్లగా పైకి పాకడం మొదలుపెడుతుంది. రాయచోటిలో అత్తగారింటికి వెళ్లేటప్పుడు గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే ఏసీ ఆపక తప్పడం లేదు. ఆపినా ముల్లు ఎర్ర గీతకు దగ్గరగా పోతోంది. ఇంతకు ముందు గువ్వలచెరువులో పాలకోవా కోసం ఆగేవాళ్లం, ఇప్పుడు ఇంజను చల్లారడం కోసం ఆగుతున్నాం.

ఒక మెకానిక్ రేడియేటర్ పూర్తిగా మార్చాలంటున్నాడు. ఇంకొకరు థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కాకే నీళ్లను రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) తీసేసి, ఫ్యానుకు డైరెక్టు కనెక్షన్ ఇస్తే సరిపోతుందంటున్నారు. నాన్నగారు మొదటినుంచీ వారానికోసారి బానెట్ ఎత్తి, తగ్గినంత మేరకు ఇంటి బోరు నీళ్లు పోసేవారు, నేనూ అదే కొనసాగిస్తున్నాను. కింద నేల మీద ఎక్కడా తడి కనిపించదు. ఎండలు ముదరకముందే దీన్ని తేల్చుకోవాలని ఉంది. ఏది ముందు చూడాలో, ఏది అనవసరపు ఖర్చో అనుభవమున్నవారు చెప్పగలరు.

జవాబు: కర్నూలు షెడ్డు

మీరు రాసిన లక్షణాల్లోనే సగం సమాధానం ఉంది. వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఫ్యాను పెద్దగా అవసరపడదు. నిలబడినప్పుడు, నెమ్మదిగా కదిలినప్పుడు గాలి అంతా ఫ్యానే లాగాలి. కాబట్టి హైవే మీద బాగుండి ఊళ్లో మాత్రమే వేడెక్కే కారులో మొదట అనుమానించాల్సింది ఫ్యానును. అయితే మీ కారు ఘాట్‌లో ఏసీ ఆపినా వేడెక్కుతోందంటున్నారు. ఎక్కుడులో ఇంజను ఎక్కువ పని చేసి ఎక్కువ వేడిని పుట్టిస్తుంది, వేగం తక్కువ కాబట్టి గాలి తక్కువ తగులుతుంది. ఫ్యాను సరిగ్గా తిరుగుతున్నా ముల్లు ఎర్ర గీత దాకా పోతోందంటే రేడియేటర్ శక్తి తగ్గినట్టే లెక్క.

అయినా నేను మీ రాతలో ఆగిపోయింది ఆ రెండింటి దగ్గర కాదు, వారానికోసారి నీళ్లు పోయడం దగ్గర. ఈ కార్లలో కూలింగ్ వ్యవస్థ మూసి ఉన్న వ్యవస్థ. వేడికి వ్యాకోచించిన కూలెంట్, అంటే ఇంజనును చల్లబరిచే ద్రవం, రిజర్వాయర్ డబ్బాలోకి పోతుంది, చల్లారాక అదే వెనక్కి వస్తుంది. అంతా సవ్యంగా ఉంటే నెలల తరబడి చుక్క కూడా పోయాల్సిన పని ఉండదు. వారానికోసారి తగ్గుతోందంటే అది ఎక్కడికో పోతోంది. ఎక్కడికి పోతోందో తేల్చకుండా రేడియేటర్ మార్చితే కొత్త రేడియేటర్‌కు కూడా అదే గతి పడుతుంది.

కారణం ఇది. మన సీమ బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. నీళ్లలో కరిగి ఉండే కాల్షియం బైకార్బొనేట్ వేడికి విడిపోయి కాల్షియం కార్బొనేట్‌గా మారి గట్టి పొరలాగా అతుక్కుంటుంది. గీజర్ కాయిల్ మీద కట్టే తెల్లటి పెచ్చు అదే. రేడియేటర్‌లోని గొట్టాలు చాలా సన్నవి, వాటి లోపల ఆ పెచ్చు కడితే నీళ్లు పారే దారి తగ్గుతుంది, గోడలోంచి వేడి బయటికి పోవడమూ మందగిస్తుంది. ఒకసారి నింపిన బోరు నీళ్లతో వచ్చే సున్నం కొంచెమే, వారం వారం తగ్గినంత మళ్లీ పోస్తూ పోతే ఏళ్ల తరబడి కొత్త సున్నం చేరుతూనే ఉంటుంది. పైగా ఆ నీళ్లలోని క్లోరైడ్లు అల్యూమినియంను తినేస్తాయి.

నేల మీద తడి కనిపించకపోవడం వల్ల లీకు లేదని తీర్మానించుకోకండి. వేడి ఇంజను మీద కారిన చుక్క అక్కడికక్కడే ఆవిరైపోతుంది, తెల్లటి చారో ఆకుపచ్చ మరకో మాత్రం మిగులుతుంది. హోస్ పైపుల క్లిప్పుల దగ్గర, వాటర్ పంపు కింది చిన్న రంధ్రం దగ్గర, రేడియేటర్‌లో ప్లాస్టిక్ తొట్టి అల్యూమినియం భాగానికి కలిసే అంచుల వెంట టార్చి వేసి చూడండి. లోపల ముందు సీటు కాళ్ల దగ్గర మ్యాటు ఎత్తి చూడండి, హీటర్ కాయిల్ కారితే అక్కడ తడి, తియ్యటి వాసన ఉంటాయి.

జవాబు: తాడిపత్రి ట్యాక్సీ

సార్, నాకు కర్నూలు షెడ్డు వారంత శాస్త్రం తెలియదు కానీ, మా స్టాండులో పాత బండ్లకు వేసవి రాగానే థర్మోస్టాట్ తీసేయించడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు. మే నెలలో ఎండ 43 డిగ్రీలు దాటే చోట ఇంజను వేడెక్కడానికి సాయం చేసే వాల్వు ఎందుకు? అది తీసేస్తే నీళ్లు ఎప్పుడూ రేడియేటర్‌లోంచే తిరుగుతాయి. ఫ్యానుకు కూడా డ్యాష్‌బోర్డు కింద ఒక స్విచ్చి పెట్టించుకుంటే ఘాట్ మొదలవకముందే వేసేసుకోవచ్చు. ఖర్చు తక్కువ, పని ఒక్క పూటలో అయిపోతుంది. రేడియేటర్ ముందున్న ఏసీ కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) రెక్కల్లో దుమ్ము, పురుగులు, పత్తి పీచు ఇరుక్కుని ఉంటాయి, దాన్ని మాత్రం తప్పకుండా కడిగించండి. మా వైపు నాపరాతి పాలిష్ దుమ్ము, సిమెంటు లారీల దుమ్ము కలిసి ఆ రెక్కలను గట్టిగా మూసేస్తాయి. నీళ్లు ఇంజను వైపునుంచి బయటికి కొట్టాలి, అదీ మెల్లగా. సర్వీసింగ్ షెడ్డులో ప్రెషర్ గన్నుతో దగ్గరినుంచి కొడితే రెక్కలు వంగిపోయి గాలి ఇంకా తక్కువవుతుంది.

జవాబు: అనంతపురం పాలిటెక్నిక్

కండెన్సర్ కడిగే పద్ధతి గురించి తాడిపత్రి మిత్రులు చెప్పినది అక్షరాలా నిజం. థర్మోస్టాట్ విషయంలో మాత్రం వారితో విభేదిస్తున్నాను.

ఇలాంటి ఇంజన్లలో థర్మోస్టాట్ సుమారు 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టి, 95 డిగ్రీల ప్రాంతానికి పూర్తిగా తెరుచుకుంటుంది. బాగా పనిచేస్తున్న థర్మోస్టాట్ ఎండ ఎంత కాసినా ఇంజను వేడెక్కడానికి కారణం కాజాలదు, ఎందుకంటే ఆ పాటికి అది పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. బిగుసుకుపోయిన థర్మోస్టాట్ అయితే మార్చాల్సిందే, దాని ధర రేడియేటర్ ధరలో చిన్న భాగం. పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు: గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ను అడుగుకు తగలకుండా దారంతో వేలాడదీసి, స్టవ్ మీద కాచి, ఎప్పుడు తెరుచుకుంటుందో థర్మామీటర్‌తో చూడాలి. తీసేసి నడిపితే ఇంజను తగిన వేడికి రావడం ఆలస్యమవుతుంది, సెన్సరు ఇంజను చల్లగా ఉందని కంప్యూటర్‌కు చెబుతుంది, కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకునేటప్పుడే బైపాస్ దారిని మూస్తుంది. అలాంటి వాటిలో దాన్ని తీసేస్తే కొంత కూలెంట్ రేడియేటర్‌కు పోకుండానే తిరిగి ఇంజనులోకి వచ్చి, వేడి తగ్గడానికి బదులు పెరుగుతుంది.

ఫ్యాను స్విచ్చి తాత్కాలికంగా ప్రాణం కాపాడవచ్చు. కానీ డ్రైవరు మరిచిపోయిన రోజున ఏమవుతుందో ఆలోచించండి. టాక్సీ నడిపేవారి కన్ను ఎప్పుడూ ముల్లు మీదే ఉంటుంది, ఇంట్లో నలుగురు నడిపే కారుకు ఆ భరోసా లేదు. ఫ్యాను తిరగకపోతే ఫ్యూజు, రిలే, సెన్సరు, మోటారు ఈ వరుసలో చూసి అసలు దోషాన్ని బాగు చేయించడం మేలు. చాలా కార్లలో ఏసీ వేయగానే ఫ్యాను తిరగాలి, ముందు అది గమనించండి.

ప్రశ్న అడిగినవారికి ఇంకో మాట. రేడియేటర్ మూతను చాలామంది ఉత్త మూతగానే చూస్తారు. దాని మీద 0.9 అనో 1.1 అనో ముద్రించి ఉంటుంది, అది బయటి గాలి ఒత్తిడి కన్నా అదనంగా లోపల నిలబెట్టే ఒత్తిడి, బార్‌లలో. 0.9 ఒత్తిడిలో మామూలు నీళ్లు కూడా దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. మూతలోని స్ప్రింగు బలహీనపడినా, రబ్బరు గట్టిపడినా ఆ ఒత్తిడి నిలవదు. అప్పుడు నీళ్లు 100 డిగ్రీలకే మరిగి, రిజర్వాయర్ గుండా ఆవిరిగా పోతాయి. నేల మీద తడి లేకుండా వారం వారం నీళ్లు తగ్గడానికి ఇది బాగా కుదిరే కారణం. మూతలో ఇంకో చిన్న వాల్వు ఉంటుంది, చల్లారేటప్పుడు డబ్బాలోని నీళ్లను వెనక్కి లాక్కోవడానికి. అది పనిచేయకపోతే ఉదయానికి పై హోస్ పైపు చప్పబడి కనిపిస్తుంది, డబ్బా నిండుగా ఉన్నా రేడియేటర్ వెలితిగా ఉంటుంది. ఈ రెండూ తెల్లవారుజామున, ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మాత్రమే చూడండి. వేడి ఇంజను మీద మూత తిప్పితే మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి.

హెడ్ గాస్కెట్ (ఇంజను బ్లాకుకూ పైనున్న హెడ్‌కూ మధ్య ఉండే సీలు) సంగతి కూడా తేల్చుకోవడం అవసరం. మూత తీసి ఇంజను స్టార్టు చేసినప్పుడు రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తున్నా, ఆయిల్ మూత లోపల మీగడలాంటి పదార్థం కనిపించినా, సైలెన్సర్‌లోంచి వేడెక్కాక కూడా తెల్లటి పొగ వస్తున్నా జాగ్రత్తపడాలి. రేడియేటర్ నోటి దగ్గర నీలిరంగు ద్రవంతో చేసే పరీక్ష ఒకటుంది. ఇంజనులోని మండిన వాయువు కూలెంట్‌లోకి వస్తుంటే ఆ ద్రవం పసుపు రంగుకు మారుతుంది.

ప్రశ్నించినవారు: కడప కారు

అందరికీ కృతజ్ఞతలు. చెప్పినవన్నీ చూశాను. ఏసీ వేయగానే ఫ్యాను తిరుగుతోంది, ఏసీ లేకపోయినా వేడెక్కాక తనంతట తానే మొదలవుతోంది. ఆయిల్ శుభ్రంగా ఉంది, బుడగలు లేవు, తెల్ల పొగ లేదు. ఉదయం చూస్తే డబ్బా పై గీత దాకా నిండుగా ఉంది, రేడియేటర్ మాత్రం రెండు వేళ్ల లోతు వెలితిగా ఉంది, పై హోస్ పైపు కొంచెం చప్పబడి ఉంది. మూత రబ్బరు గోటితో నొక్కినా దిగడం లేదు. మూత తీసి టార్చి వేస్తే లోపలి గొట్టాల నోళ్లు తెల్లగా పూడుకుపోయినట్టున్నాయి. రేడియేటర్‌ను విప్పి లోపల కడ్డీ పెట్టి శుభ్రం చేసేవారు మా ఊళ్లో ఉన్నారు. అలా చేయించవచ్చా, మందుతో కడిగిస్తే చాలా, కొత్తదే వేయించాలా?

జవాబు: కర్నూలు షెడ్డు

విప్పి కడ్డీ పెట్టడం రాగి, ఇత్తడి రేడియేటర్ల కాలపు పని. వాటి తొట్టిని ఊడదీసి మళ్లీ టంకం వేసేవారు. మీ కారులో ఉన్నది అల్యూమినియం గొట్టాలకు ప్లాస్టిక్ తొట్టిని మడతలతో బిగించిన రకం అయితే దాన్ని విప్పితే మళ్లీ పాత బిగువు రావడం కష్టం. ఆ పని చేయించకండి.

ముందు మూత మార్చండి, పాత మూత మీద ఉన్న అంకె ఉన్నదే తీసుకోండి. తర్వాత సిట్రిక్ ఆమ్లంతోనో, అల్యూమినియంకు హాని చేయదని రాసి ఉన్న రేడియేటర్ క్లీనర్‌తోనో ఒకసారి కడిగించి చూడవచ్చు. బాత్రూం కడిగే ఆమ్లం పోద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, అది సున్నంతో పాటు అల్యూమినియంను కూడా కరిగిస్తుంది. కడిగాక ఇంజనును వేడెక్కించి, రేడియేటర్ ముందు భాగమంతా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలిపించండి. కూలెంట్ లోపలికి వచ్చే చోటునుంచి బయటికి పోయే చోటుకు వేడి క్రమంగా తగ్గుతూ పోవాలి. మధ్యలో ఒక ముక్క మాత్రం చల్లగా ఉంటే అక్కడి గొట్టాలు పూర్తిగా మూసుకుపోయినట్టు; అప్పుడు కొత్త రేడియేటర్ వేయించడం దండగ ఖర్చు కాదు. మీరు చెప్పిన తెల్లదనాన్ని బట్టి నా అంచనా మార్చక తప్పదనే, అయినా కొలిచి నిర్ణయించుకోండి. పందొమ్మిదేళ్లకు దగ్గరపడిన కారు కాబట్టి పనిలో పనిగా పై, కింది హోస్ పైపులు, క్లిప్పులు, థర్మోస్టాట్ కొత్తవి వేయించండి. పాతవి ఘాట్ మధ్యలో తెగితే అల్యూమినియం హెడ్ వంకరపోతుంది, అప్పటి ఖర్చుతో పోలిస్తే ఇవన్నీ చిల్లర.

నింపడంలో శ్రద్ధ కావాలి. కాన్సంట్రేట్ కూలెంట్ కొంటే బ్యాటరీ షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపండి. రెడీమిక్స్ కొంటే ఇంకేమీ కలపకూడదు. మన ఊళ్లలో నీళ్లు గడ్డకట్టే చలి లేదు కదా, కూలెంట్ ఎందుకు అని కొందరు అడుగుతుంటారు. అది తుప్పు పట్టనివ్వదు, మరిగే ఉష్ణోగ్రతను పెంచుతుంది. అలాగని ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లగా ఉంటుందనుకోవద్దు, వేడిని మోయడంలో నీళ్లే గ్లైకాల్ కన్నా మెరుగు. నింపేటప్పుడు కారు ముందు భాగం కొంచెం ఎత్తులో ఉండేలా నిలిపి, హీటర్ నాబ్‌ను పూర్తి వేడి వైపు తిప్పి, మూత తీసి ఉంచి మెల్లగా పోస్తూ ఇంజను నడపండి. పై హోస్ వేడెక్కి థర్మోస్టాట్ తెరుచుకునే సమయానికి మట్టం ఒక్కసారి దిగుతుంది, గాలి బుడగలు పోతాయి, అప్పుడు మళ్లీ నింపి మూత పెట్టండి. ఈ గాలి లోపలే ఉండిపోతే అన్నీ కొత్తవి వేసినా ముల్లు పైకే పోతుంది, మీరు మెకానిక్‌ను తిట్టుకుంటారు.

తీసిన పాత కూలెంట్‌ను కాలువలో పారబోయించకండి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు, మేకలు తాగితే చనిపోతాయి. డబ్బాలో పట్టి షెడ్డువాళ్లకే అప్పగించండి. కొత్తది నింపిన తర్వాత కొన్ని రోజులు ఉదయం పూట డబ్బా మీద స్కెచ్ పెన్నుతో మట్టం గీసి పెట్టుకోండి. ఆ గీత దిగకుండా ఉంటేనే ఏసీ వేసుకుని గువ్వలచెరువు ఎక్కి చూడండి.