హవాయి పేర్లలో ఒకిన, కహకో ఎలా కొట్టాలి? పాత ఫైళ్లలో వై మీద చుక్కలు వస్తున్నాయి

సికింద్రాబాద్_డీటీపీ:
అందరికీ నమస్కారం. హవాయి చెట్లు, పక్షుల మీద ఒక ఇంగ్లిష్ పుస్తకం లేఅవుట్ మా దగ్గరికి వచ్చింది. కొన్ని అధ్యాయాలు తొంభైల నాటి ఫైళ్లు. వాటిలో ‘హవాయి’ అన్న మాట మధ్యలో వై అక్షరం మీద రెండు చుక్కలు పెట్టినట్టు కనిపిస్తోంది. కొత్త అధ్యాయాల్లో అదే చోట మామూలు అపాస్ట్రఫీ ఉంది. ప్రూఫ్ పంపితే రెండూ కొట్టేసి, ‘ఒకిన, కహకో సరిచేయండి’ అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపారు. కీబోర్డు మీద ఇవెక్కడున్నాయండీ? శుక్రవారానికి ఇవ్వాలి, ఒకటే టెన్షన్. విండోస్, వర్డ్, పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ వాడతాం.

హొనొలులు_అక్క:
తమ్ముడూ, ముందు ఒక విషయం. ఒకిన అంటే విరామ చిహ్నం కాదు, హవాయి భాషలో అదొక హల్లు, గొంతు ఒక్క క్షణం ఆపి పలికేది. ఉన్న ఎనిమిది హల్లుల్లో అదీ ఒకటి. కహకో అంటే దీర్ఘం, అచ్చు మీద గీత. మనవాళ్లకి దీర్ఘం సంగతి చెప్పక్కర్లేదు కదా!

విండోస్ సెట్టింగ్స్‌లో భాషలకి వెళ్లి హవాయియన్ కీబోర్డు చేర్చుకో. అపాస్ట్రఫీ మీట నొక్కితే ఒకిన వస్తుంది. కుడి ఆల్ట్ పట్టుకుని అచ్చు నొక్కితే దీర్ఘం. మామూలు అపాస్ట్రఫీ కావాలంటే కుడి ఆల్ట్‌తో అదే మీట. మ్యాక్‌లో అయితే ఆప్షన్ మీట.

స్మార్ట్ కోట్స్‌ని (నిటారు కోట్‌ని తనంతట తానే వంపు కోట్‌గా మార్చేదాన్ని) నమ్మకు. మాట మధ్యలో అది 9 ఆకారం పెడుతుంది, ఒకినకి 6 ఆకారం కావాలి. చూపుకి సరిపోయింది కదా అని తెరిచే కోట్ పెట్టినా లాభం లేదు, వెతికితే దొరకదు. యూనికోడ్‌లో (ప్రతి అక్షరానికీ ఒక కోడ్ ఇచ్చే పద్ధతిలో) ఒకిన అక్షరం వేరే, దాని కోడ్ 02బీబీ.

పాత_అను_ఆపరేటర్:
చుక్కల వై సంగతి నేను చెప్తా. యూనికోడ్ వాడుకలోకి రాకముందు హిలోలోని హవాయి విశ్వవిద్యాలయం వాళ్ల హలె కుఅమొఒ కేంద్రం ప్రత్యేక ఫాంట్లు చేసింది. చుక్కల వై ఉండే చోట ఒకిన బొమ్మ, రెండు చుక్కల అచ్చులుండే చోట గీత అచ్చులు పెట్టారు. అను ఫాంట్ (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్) ఫైలుని అను లేని సిస్టమ్‌లో తెరిస్తే ఏమవుతుందో మనకి కొత్తా? అదే ఇది. ఒక్కో అక్షరానికీ ఒక రీప్లేస్ చాలు, పెద్దక్షరాలు మర్చిపోవద్దు. పుస్తకంలో జర్మన్ పేర్లుంటే మాత్రం ముందు వాటిని పక్కన పెట్టుకోండి, వాటి చుక్కలు నిజం చుక్కలే.

సికింద్రాబాద్_డీటీపీ:
పాత అధ్యాయాలు దారికొచ్చాయి, థాంక్స్ అన్నా. వర్డ్‌లో 02బీబీ కొట్టి ఆల్ట్, ఎక్స్ నొక్కుతుంటే మిగతా చోట్ల బాగానే వస్తోంది, కవాయి దీవి పేరులో మాత్రం ఇంకేదో వస్తోంది. అపాస్ట్రఫీలన్నీ ఒకేసారి రీప్లేస్ చేసేయొచ్చా?

హొనొలులు_అక్క:
అయ్యో, చేయకు! ‘హవాయి యొక్క’ అని ఇంగ్లిష్‌లో రాస్తే ఆ ఒక్క మాటలోనే ఒకినా ఉంటుంది, అపాస్ట్రఫీ కూడా ఉంటుంది. ఒకిన తర్వాత ఎప్పుడూ అచ్చే వస్తుంది. కాబట్టి ఇన్‌డిజైన్ గ్రెప్‌లో (నమూనా ఇచ్చి వెతికే పద్ధతిలో) రెండు అచ్చుల మధ్య ఉన్న అపాస్ట్రఫీలని మాత్రమే పట్టుకో, గీత అచ్చులు కూడా కలుపు. ఇంగ్లిష్ మాటల్లో అపాస్ట్రఫీకి రెండు పక్కలా అచ్చులు రావడం అరుదు. ఓహిఅ చెట్టు, ఇఇవి పిట్ట లాంటివి ఒకినతోనే మొదలవుతాయి, అవి గ్రెప్‌కి దొరకవు, కళ్లతో చూసుకోవాల్సిందే. వాక్యం మొదట్లో వస్తే ఒకిన పక్కనున్న అచ్చు పెద్దక్షరం అవుతుంది, అదీ చూసుకో.

కవాయిలో ఒకినకి ముందు ఇంగ్లిష్ ‘ఏ’ అక్షరం ఉంది. కోడ్ రాసే హెక్స్ అంకెల్లో (0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్) అదీ ఒకటి కాబట్టి వర్డ్ దాన్నీ కోడ్‌లో కలిపేసుకుంటోంది. నాలుగు అంకెలని మాత్రమే సెలెక్ట్ చేసి అప్పుడు ఆల్ట్, ఎక్స్ నొక్కు. లనాయి దీవికీ అంతే. ఇన్‌డిజైన్‌లో పింక్ రంగు పడితే ఆ ఫాంట్‌లో ఒకిన లేదని అర్థం. జెంటియమ్‌లో ఉంది, నోటో సెరిఫ్‌లో ఉంది. ఫాంట్ మార్చే ముందు పుస్తకం ఇచ్చినవాళ్లకి ఒక మెయిల్ పెట్టు.