బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని సింగరేణి బొగ్గు గనుల క్వార్టర్లలో పెరిగి ఇప్పుడు చెన్నైలో ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? మీ అమ్మల రోజు ఎట్లా గడిచేది?

శాంతిఖని_బిడ్డ (వేళచ్చేరి):

నమస్తే అందరికీ. మాది బెల్లంపల్లి. మా బాపు శాంతిఖని గనిలో కోల్ ఫిల్లర్‌గా, అంటే టబ్బుల్లోకి బొగ్గు నింపే పని, చేసి రిటైర్ అయ్యాడు. పెళ్లయ్యాక నేను చెన్నై వచ్చేశాను. ఈ మధ్య మా పెద్దమ్మాయిని స్కూల్లో తాతలు చేసిన పనుల గురించి రాసుకురమ్మంటే బాపుకి ఫోన్ చేసింది. తట్టా చెమ్మస్ (బొగ్గు ఎత్తే గంప, పార), టబ్బులు (బొగ్గు మోసే చిన్న బండ్లు), తలకి పెట్టుకునే క్యాప్ ల్యాంపు, పైకప్పుకి పెట్టే సపోర్టులు అన్నీ ఓపిగ్గా చెప్పాడు. చివర్లో అది "మరి అమ్మమ్మ ఏం చేసేది తాతా?" అంటే "ఇంట్లనే ఉండేది బిడ్డా" అన్నాడు. నాకు ఆ మాట మింగుడుపడలేదు.

మా ఇల్లు మొత్తం షిఫ్టు మీద నడిచేది, నడిపింది అమ్మ. మొదటి షిఫ్టు అయితే ఏడింటికి గని మీద ఉండాలి కాబట్టి అమ్మ చీకటితోనే లేచి వాకిట్లో బొగ్గు పొయ్యి రాజేసేది. పొగంతా పోయి నిప్పు ఎర్రబడితే తప్ప దాన్ని లోపలికి తేవడానికి లేదు, వానాకాలం ఆ పొగ పోయేసరికే గంట పట్టేది, ఆ తర్వాత కదా రొట్టెలు, కూర, డబ్బా. రాత్రి షిఫ్టు వారం ఇంకో రకం కష్టం, పగలంతా బాపు పడుకోవాలి, ఉన్నది రెండు గదులు, మేం గట్టిగా మాట్లాడితే అమ్మ కళ్లతోనే బెదిరించేది. పక్కింటివాళ్లు రేడియో పెట్టినా పోయి తగ్గించమని బతిమాలేది.

బాయి బట్టలు, అంటే గనిలో వేసుకునేవి, వేరే బకెట్‌లో. మొదటి నీళ్లు సిరాలా దిగేవి, రెండోసారీ నలుపే. వాటికంటే అమ్మని ఎక్కువ సతాయించింది క్యాప్ ల్యాంపు బ్యాటరీ. నడుముకి కట్టుకునే ఆ పాత బ్యాటరీల నుంచి యాసిడ్ కారి ప్యాంటు ఎడమవైపు, చొక్కా అంచు, బనీను అన్నీ చిల్లులు పడేవి, ఇవాళ కుడితే నాలుగు రోజులకి పక్కనే ఇంకోటి. అతుకు మీద అతుకు వేసి వేసి అక్కడ బట్ట అట్టముక్కలా గట్టిపడిపోయేది.

గని గురించి అందరూ రాస్తారు, యూనియన్ల గురించీ రాస్తారు. ఈ పని ఎవరూ రాయరు. మీ ఇళ్లలో ఎట్లా ఉండేదో గుర్తున్నది గుర్తున్నట్టు రాయండి. అమ్మలు దగ్గరుంటే అడిగి రాయండి, మా అమ్మాయితో ఒక నోట్‌బుక్‌లో ఎక్కించాలనుకుంటున్నా.

మందమర్రి_తమ్ముడు (పెరంబూర్):

అక్కా, మాది మందమర్రి. మా అవ్వకి, అంటే అమ్మకి, అన్నిటికంటే పెద్ద పని నీళ్లు. నాయిన బాయి నుంచి వచ్చేసరికి పెద్ద గంగాళం నిండా వేడినీళ్లు ఉండాలి, వీపు రుద్దడం అవ్వ పనే. ఎంత రుద్దినా కంటిరెప్పల అంచున నల్లటి గీత ఒకటి పోయేది కాదు. పెళ్లిళ్లకి పోతే కాటుక పెట్టుకున్నావా అని చుట్టాలు అడిగేవాళ్లు.

ఆదివారం ప్లే డే మస్టర్, అంటే సెలవు రోజు డ్యూటీ, దొరికితే డబుల్ పడుతుందని నాయిన అది కూడా వదిలేవాడు కాదు, కాబట్టి అవ్వకి వారంలో సెలవన్నదే లేదు. గాంధారి మైసమ్మకి బోనం తీసుకుపోయే రోజే ఆమె పొద్దంతా బయట గడపడం నేను చూసింది. మీ వైపు కన్నాల బుగ్గ జాతరకి శివరాత్రి రోజు మేమూ వచ్చేవాళ్లం.

మొన్న పోయినప్పుడు చూశా, మా లైన్‌లో సగం క్వార్టర్లకి తాళాలు. తొంభైల మొదట్లో సింగరేణిలో లక్ష దాటి ఉన్న కార్మికులు ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు, ఓపెన్‌కాస్టుల్లో (పైనుంచి మట్టి తీసి బొగ్గు తవ్వే గనుల్లో) పనంతా మెషిన్లే చేస్తాయి. ఈ నోట్‌బుక్ పని ఆలస్యం చేయకండి అక్కా, చెప్పగలిగినవాళ్లు పెద్దవాళ్లయిపోతున్నారు.

గోదారిఖని_చెల్లె (అంబత్తూర్):

నేను కొంచెం ఎక్కువే రాస్తానేమో, ఏమనుకోవద్దు. మా అమ్మ పని గురించి అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది వంటా కాదు బట్టలూ కాదు, ఎదురుచూపు. షిఫ్టు అయ్యాక అరగంట దాటినా నాన్న రాకపోతే అమ్మ చేతిలో పని చేతిలోనే ఉండేది కానీ చూపు మాత్రం గేటు దగ్గరే. సైరన్ వేళకి మోగితే ఎవరూ తల ఎత్తరు. వేళ కాని వేళ మోగితే వీధిలో ఆడవాళ్లంతా బయటికొచ్చి "ఏ బాయి? ఏ బాయి?" అని ఒకటే అడుగుడు, తెలిసేదాకా ఎవరి ఇంట్లోనూ పొయ్యి వెలగదు.

2003 జూన్ 16న మా గోదావరిఖనిలోని 7 ఎల్‌ఈపీ అనే గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది చనిపోయారు. మా నాన్నది వేరే గని, ఆ పూట ఇంట్లోనే ఉన్నాడు. అయినా అమ్మ ఆగలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా బాయి దగ్గరికి పోయింది, ఎందుకంటే మా వెనక లైన్‌లో ఒకామె భర్త ఆ షిఫ్టులో ఉన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు మా వీధిలో ఆడవాళ్లు వంతులు వేసుకుని ఆ ఇంట్లో వండారు, పిల్లల్ని బడికి పంపారు. దీన్ని ఏ హాజరు మస్టర్‌లో రాస్తారు చెప్పండి?

ఇంకోటి డబ్బు. జీతాల రోజు గేటు బయట గిరిగిరి వాళ్లు, అదే వడ్డీకి అప్పులిచ్చేవాళ్లు, నిలబడేవాళ్లు, సారా దుకాణం సరేసరి. అమ్మ నన్ను చంకనేసుకుని ముందే పోయి అక్కడ నిలబడేదట, నాన్న చేతికి వచ్చిన డబ్బు నేరుగా కొంగులోకి రావాలని. 1993 అక్టోబర్‌లో సారా నిషేధించిన రోజు మా వీధిలో స్వీట్లు పంచారని ఇప్పటికీ చెబుతుంది. చిట్టీ కట్టింది ఆమె, మమ్మల్ని చదివించింది ఆమె, నేనీరోజు అంబత్తూర్‌లో ఉద్యోగం చేస్తున్నానంటే ఆ కొంగు ముడే కారణం.

రిటైర్డ్_సర్దార్ (కొళత్తూర్):

శాంతిఖని బిడ్డా, నేను మైనింగ్ సర్దార్‌గా, అంటే గనిల పని, భద్రత చూసుకునేటోనిగ, చేసి ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటున్న. మీ బాపు అన్న మాట విని ఆయన మీద కోపం తెచ్చుకోకు. మాకు కనిపించేది డ్యూటీ ఒక్కటే, పెందరాళే పోవుడు, వచ్చి తిని పడుకునుడు. ఇంట్ల ఏం జరుగుతుందో చూసే టైం మాకు ఎవడిచ్చిండు?

కానీ నువ్వడిగింది న్యాయమైన ప్రశ్నే. 1952 గనుల చట్టంలో 46వ సెక్షన్ ఆడవాళ్లను భూగర్భంలో పనికి పెట్టుకోవద్దని చెప్పింది, 2019లో గానీ దాన్ని సడలించలే. అంటే మా ఇండ్లల్ల ఆడవాళ్లు మేం ఏ చీకట్ల పనిచేస్తున్నమో ఒక్కసారి కూడా కండ్లతోని చూడలే. బండ కూలి పక్కనోడు తప్పించుకున్న రోజు కూడా మేం ఇంటికొచ్చి ఏం చెప్పేటోళ్లం కాదు, చెప్తే రేపు పోనియ్యరని. అయినా నా భార్యకి తెలిసిపోయేది. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి ఉంటే జాగలో నీళ్లు ఊరుతున్నయని, చొక్కా వీపు చినిగి ఉంటే కప్పు ఎత్తు తక్కువున్న చోట వంగి పోయిన అని. బట్టలు ఉతుక్కుంట ఏం అడగకపోయేది, తెల్లారి డబ్బా కట్టేటప్పుడు మాత్రం "ఇయ్యాల గూడ ఆ జాగనేనా?" అనేది. మీ అమ్మను ఈ సంగతి అడుగు బిడ్డా, ఆమె కూడా చెప్తది.

ఎన్నూర్_వాసి:

నాది గని ఊరు కాదు, మాది నెల్లూరు. కానీ ఇక్కడ మేడ మీద ఆరేసిన బట్టల మీద కరెంటు ప్లాంట్ల బొగ్గు బూడిద సన్నగా పడుతుంటే మళ్లీ జాడించుకోవడం మాకూ అలవాటే కాబట్టి అందరివీ చదివాను. ఒక్క సందేహం అండీ, ఇళ్లలో వాడిన ఆ బొగ్గు కొనుక్కునేవాళ్లా?

శాంతిఖని_బిడ్డ (వేళచ్చేరి):

కొనేవాళ్లం కాదండీ, కార్మికుల ఇళ్లకి కంపెనీ ఇచ్చేది. కాకపోతే పెద్ద పెద్ద పెళ్లలు వచ్చేవి, వాటిని సుత్తితో పొయ్యికి సరిపడా పగలగొట్టడం మళ్లీ అమ్మ పనే. పొడి మిగిలితే పేడతో కలిపి ఉండలు చేసి గోడ పక్కన ఎండబెట్టేది. గ్యాస్ వచ్చాకే ఆ పని తప్పింది.

సర్దార్ మామా, మీరు చెప్పినట్టే రాత్రి అమ్మకి ఫోన్ చేసి అడిగాను. తడి బట్టల సంగతి వెంటనే చెప్పింది. ఇంకోటి కూడా చెప్పింది, డబ్బాలో అన్నం మిగిలి వచ్చిందంటే ఆ రోజు లోపల ఏదో అయ్యిందని అర్థమట, అది బాపుకి కూడా ఇప్పటిదాకా తెలియదట. ఫోన్ స్పీకర్‌లో ఉంది, బాపు పక్కనే ఉన్నాడు. మా అమ్మాయి అన్నీ రాసుకుంది. గోదారిఖని చెల్లీ, మందమర్రి తమ్ముడూ, మీ అమ్మలు ఒప్పుకుంటే వాళ్లతో కూడా ఫోన్‌లో మాట్లాడిస్తాను, ఏ పూట వీలవుతుందో ఇక్కడే రాయండి.