మున్సిపాలిటీ బిల్లుల నకళ్ల కోసం సమాచార హక్కు దరఖాస్తు ఎలా రాయాలి?

నేను ఒక చిన్న పట్టణంలో విలేకరిగా పనిచేస్తున్నాను. మా మున్సిపాలిటీ గత రెండేళ్లలో మురుగుకాలువల పూడికతీతకు చెల్లించిన బిల్లులు, ఓచర్లు, ఎం-బుక్కుల (చేసిన పని కొలతలు నమోదు చేసే పుస్తకాల) నకళ్లు కోరుతూ, సమాచార హక్కు చట్టం, 2005 సెక్షన్ 6(1) కింద 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అతికించి దరఖాస్తు ఇచ్చాను. 30 రోజుల గడువు ఇంకో రెండు రోజుల్లో ముగుస్తుందనగా, సమాచారం చాలా ఎక్కువగా ఉన్నందున సెక్షన్ 7(9) ప్రకారం నకళ్లు ఇవ్వలేమని, కార్యాలయానికి వచ్చి చూసుకోవచ్చని ఒక్క పేజీ జవాబు వచ్చింది.

వెళితే, పురికొసతో కట్టిన ఓచర్ల కట్ట ఒకటి బల్ల మీద పెట్టి, ఫోన్ బయటకు తీయవద్దన్నారు. ఎం-బుక్కు ఇంజినీరింగ్ విభాగంలో ఉందట. కొలతలు లేకుండా బిల్లు మాత్రమే చూసి ఏం వార్త రాయగలం?

నాకు అర్థమైనంతవరకు 7(9) సమాచారాన్ని ఏ రూపంలో ఇవ్వాలన్న దాని గురించే. నిరాకరించడానికి కారణాలు 8, 9 సెక్షన్లలో ఉన్నాయి. పైగా 2(జె) ప్రకారం రికార్డులను పరిశీలించడమే కాక, ధ్రువీకరించిన నకళ్లు పొందడం కూడా హక్కే. 19(1) కింద మొదటి అప్పీలుకు ఉన్న 30 రోజుల్లో 11 ఇప్పటికే గడిచిపోయాయి.

అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు: అప్పీలుకు వెళ్లడం మంచిదా, లేక ఓచరు నంబర్లు రాసుకుని వార్డుకొకటి చొప్పున కొత్త దరఖాస్తులు పెట్టడం మంచిదా? పరిశీలనలో ఫోటోలు తీసుకునే అనుమతిని దరఖాస్తులోనే ఏ మాటలతో కోరాలి? ఇలాంటి పద్దులపై ఆడిట్ అభ్యంతరాలను మున్సిపాలిటీతో పని లేకుండా నేరుగా రాష్ట్ర ఆడిట్ శాఖ నుంచి తెప్పించుకున్నవారు ఎవరైనా ఉన్నారా?